కర్ర విల్లు కొనలు సన్నం చేయడం, టిల్లరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంతంగా కర్ర విల్లు చేసుకోవాలని మొదలుపెట్టిన వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి. పిడి, లింబ్‌ల దాకా చాలామంది బాగానే చేస్తారు. చివరి ఆరు అంగుళాల దగ్గర తొందరపడి పాడుచేసుకుంటారు. అందుకే ఇక్కడ కొనల సంగతే ఎక్కువ చెప్పాను.

కొన్ని మాటలు ముందే అనుకుందాం. విల్లు పట్టుకున్నప్పుడు గురి వైపు ఉండే ముఖాన్ని వీపు అంటాను, మన వైపు ఉండే ముఖాన్ని పొట్ట అంటాను. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది. పిడికి పైనా కిందా వంగే రెండు భాగాలు లింబ్‌లు. నారి తగులుకునే చివర కొన. నారిని లాగే దూరం డ్రా, అంత దూరం లాగడానికి పట్టే బలం డ్రా వెయిట్, దాన్ని పౌండ్లలో చెబుతాం.

టిల్లరింగ్ అంటే అసలు ఏం చేస్తాం?

రెండు లింబ్‌లూ సమానంగా, ఎక్కడా మడత పడకుండా వంగేలా పొట్ట వైపు నుంచి కొంచెం కొంచెం చెక్క తీసుకుంటూ పోతాం. తీయడం, లాగి చూడటం, మళ్లీ తీయడం. పనంతా ఇంతే, కాకపోతే ఓపిక కావాలి. వీపు జోలికి మాత్రం పోకూడదు. వీపు మీద చెక్క నార ఒక కొన నుంచి ఇంకో కొన దాకా తెగకుండా ఉండాలి. ఎక్కడ తెగితే అక్కడి నుంచే పేడు లేస్తుంది.

చెక్క తీసిన ప్రతిసారీ విల్లుని ఇరవై ముప్పైసార్లు మెల్లగా లాగి వదలాలి. ఇక్కడ వదలడం అంటే చేత్తో పట్టుకుని వెనక్కి తీసుకురావడం. మనం తీసిన చెక్క ప్రభావం వెంటనే కనిపించదు, ఈ లాగుళ్ల తర్వాతే బయటపడుతుంది. ఇది వదిలేసి గీకుతూ పోతే రేపు కనిపించాల్సిన వంపు కోసం ఇవాళే రెట్టింపు చెక్క తీసేస్తారు.

కొనల బరువు గురించి ఇంత పట్టింపు ఎందుకండీ? అక్కడ ఉండేదే కొన్ని గ్రాములు కదా?

ఆ కొన్ని గ్రాములే విల్లు వేగాన్ని తేలుస్తాయి. బాణం వదిలినప్పుడు పిడి దగ్గర చెక్క కదలదు, లింబ్ మధ్య కొంత కదులుతుంది, కొన అన్నిటికంటే ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో పోతుంది. కదిలే వస్తువులో ఉండే శక్తి దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి కొన దగ్గర ఒక గ్రాము, లింబ్ మధ్యలో దాదాపు నాలుగు గ్రాములతో సమానం. మనం కండబలంతో విల్లులో నింపిన శక్తిలో కొంత బాణానికి పోతుంది, మిగతాది లింబ్‌లని కదిలించడానికి ఖర్చవుతుంది. బరువు కొనలున్న విల్లులో ఆ మిగిలిన శక్తే నారి ఆగిన క్షణంలో చేతికి కుదుపుగా వస్తుంది. మోచేయి దాకా జలదరించే విల్లులు మీరు పట్టుకునే ఉంటారు. పౌండ్లు ఎక్కువై అలా అవుతుందనుకుంటారు గానీ, చాలావరకు అది కొనల బరువే.

లెక్క వేసి చూద్దాం. కొన 20 మి.మీ. వెడల్పు, 13 మి.మీ. మందం ఉందనుకోండి. చివరి 150 మి.మీ. పొడవులో వెడల్పుని క్రమంగా తగ్గిస్తూ చివరికి 10 మి.మీ.కి తెచ్చారు. అంటే తీసిన చెక్క 10 ఘనపు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. టేకు లాంటి చెక్కలో అది సుమారు 6 గ్రాములు. ఒక్కో కొనలో 6 గ్రాములు, అదీ కొన దగ్గరే తగ్గడం చిన్న విషయం కాదు. కుదుపు తగ్గడం మొదటి బాణంతోనే చేతికి తెలుస్తుంది.

అంత సన్నం చేస్తే కొన విరగదా?

విరగదు, సరిగ్గా చేస్తే. లింబ్‌ని వంచే ఒత్తిడి నారి తగిలిన చోట దాదాపు సున్నా. అక్కడి నుంచి పిడి వైపు వచ్చే కొద్దీ పెరుగుతూ పోతుంది. అందువల్ల చివరి కొన్ని అంగుళాలకి పెద్ద బలం అక్కర్లేదు. మధ్య లింబ్‌కి ఉండాల్సిన వెడల్పుని కొన దాకా లాక్కుపోవడం అనవసరపు బరువు మోయడమే.

డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ దగ్గర 1944లో తవ్వకాల్లో దొరికిన ఎల్మ్ చెక్క విల్లులు దాదాపు 9000 ఏళ్ల నాటివి. అదే దేశంలో దొరికిన మోలెగాబెట్ విల్లులో పని చేసే లింబ్ వెడల్పుగా, పొట్టిగా ఉండి, ఆపైన భాగం సన్నగా, వంగకుండా బిగువుగా ఉంటుంది. రాతియుగం మనిషి చేత్తో పట్టుకుని, వేసి చూసి, ఇది కనిపెట్టాడంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

సరే, వెడల్పు తీయాలా, మందం తీయాలా?

వెడల్పే. దీని మీద ఎవరికీ సందేహం ఉండకూడదు.

చెక్క బిగువు వెడల్పు పెరిగినంతే పెరుగుతుంది, మందంతో మాత్రం దాని ఘనాన్ని (క్యూబ్‌ని) బట్టి పెరుగుతుంది. 12 మి.మీ. మందంలో 1 మి.మీ. తీస్తే దాదాపు పావు వంతు బిగువు పోతుంది. అదే 12 మి.మీ. వెడల్పులో 1 మి.మీ. తీస్తే పోయేది 8 శాతమే. తగ్గే బరువు మాత్రం రెండింట్లోనూ ఒకటే.

ఇంకోలా చూడండి. 20 మి.మీ. వెడల్పు, 11 మి.మీ. మందం ఉన్న కొనకీ, 10 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. మందం ఉన్న కొనకీ బిగువు దాదాపు సమానం. రెండోది మూడో వంతుకి పైగా తేలిక. కాబట్టి కొన కోసిన ముఖం పడుకున్న పట్టీలా కాకుండా నిలబడిన పట్టీలా ఉండటమే మంచిది. పోయిన మందాన్ని తిరిగి తేలేం కాబట్టి, పని మొదట్లోనే చివరి ఆరు అంగుళాల్లో పొట్ట వైపు మందం తీయకుండా అలాగే ఉంచండి. ఉత్సాహంగా చిత్రిక పడుతూ కొన దాకా ఒకే ఊపులో లాగేస్తే అక్కడే నష్టం జరుగుతుంది.

దీనికీ ఒక హద్దుంది. వెడల్పు 9 మి.మీ. కంటే దిగితే కొన పక్కకి ఊగడం, మెలి తిరగడం మొదలవుతుంది. 40 నుంచి 50 పౌండ్ల విల్లుకి నేనైతే 10 నుంచి 12 మి.మీ. దగ్గర ఆపుతాను. మొదటి విల్లు చేసేవాళ్లు 12 దగ్గరే ఆగండి.

కొనలు ఎప్పుడు సన్నం చేయాలి? చెక్క కోసేటప్పుడే చేసేస్తే ఒక పని తగ్గుతుంది కదా?

అప్పుడు చేయకండి. మొదట 20 మి.మీ. ఉంచండి. నారి ఎక్కించి, 22 నుంచి 24 అంగుళాల దాకా లాగినప్పుడు వంపు సరిగ్గా కనిపించాకే కొనల పక్కలు ముట్టుకోండి. దానికి కారణం కింది ప్రశ్నలో ఉంది.

నారి ఎక్కించాక అది పిడి మధ్య నుంచి పోవడం లేదు, పక్కకి పోతోంది. విల్లు పాడైనట్టేనా?

కాదు. కొనల్లో వెడల్పు మిగిల్చి ఉంచితే దీన్ని సరిచేయడం తేలిక.

ముందు తేడా ఎంతో చూడాలి. నారి ఎక్కించిన విల్లుని పొట్ట పైకి ఉండేలా పట్టుకుని, ఒక కొన దగ్గర ఒక కన్ను మూసి రెండో కొన వైపు చూడండి. పిడి మీద పెన్సిల్‌తో మధ్య గీత ముందే గీసి ఉండాలి. నారి ఆ గీతకి ఎడమగా ఉందనుకుందాం. అలాగైతే కొనల్లో ఎడమ పక్కన చెక్క తీయాలి. ఎడమ తగ్గితే కొన మధ్యభాగం కుడికి జరుగుతుంది, దాని వెంట నారీ కుడికి వస్తుంది. 20 మి.మీ. కొనని 11 మి.మీ.కి తెచ్చేటప్పుడు మొత్తం ఒకే పక్క నుంచి తీస్తే మధ్య గీత 4.5 మి.మీ. జరుగుతుంది. రెండు కొనల్లోనూ అలాగే చేస్తే పిడి దగ్గర నారి కూడా అంతే జరుగుతుంది. ఒక్క కొనలో చేస్తే అందులో సగం. చేతితో చేసిన విల్లుల్లో వచ్చే వంకరల్లో చాలా భాగం ఈ 4.5 మి.మీ. లోపలే తీరిపోతుంది. మొదట్లోనే కొనల్ని సన్నం చేసేసిన మనిషికి ఈ అవకాశం ఉండదు.

ఒకేసారి మొత్తం తీయవద్దు. ఒక మి.మీ. తీయండి, గాడి లోతు సరిచేయండి, నారి ఎక్కించి చూడండి.

తేడా అంతకంటే ఎక్కువైతే వేడి పెట్టి వంచాలి. హీట్ గన్‌ని జానెడు దూరంలో పట్టుకుని, కొన వైపు భాగాన్ని చేయి ఆనించలేనంత వేడి ఎక్కే దాకా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒకేచోట ఉంచితే మాడుతుంది. తర్వాత కావలసిన పక్కకి వంచి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేయండి. వేడికి చెక్కలో తేమ పోతుంది కాబట్టి మూడు నాలుగు రోజులు ఆగి నారి ఎక్కించండి. జిగురుతో అతికించిన విల్లుకి ఈ పని వద్దు, జిగురు మెత్తబడుతుంది.

విజయవాడలో ఏ చెక్క దొరుకుతుంది? కొండపల్లి బొమ్మల చెక్క పనికొస్తుందా?

తెల్ల పొణికి పనికిరాదు. అది మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. ఉలికి వెన్నలా లొంగుతుంది కాబట్టే బొమ్మలకి అంత బాగుంటుంది. విల్లుకి కావలసిన సాగే గుణం, నొక్కుడు తట్టుకునే గుణం అందులో లేవు.

మొదటి విల్లుకి వెదురు మంచిది. గోడ మందంగా ఉన్న ముదురు బొంగు తీసుకుని చీల్చండి. వెదురులో బలమైన నార పైతోలు దగ్గరే దట్టంగా ఉంటుంది. అందుకే పైతోలు వీపుగా ఉండాలి, దాన్ని గీకకూడదు. కణుపులు ఎత్తుగా ఉన్నా అలాగే ఉంచండి. టింబర్ డిపోలో దొరికే టేకు పట్టీతో కూడా చేయవచ్చు. కానీ ఒట్టి టేకు సాగుడుకి అంతగా ఓర్చుకోదు, వీపుకి పలచని వెదురు బద్ద అతికిస్తే నమ్మకంగా ఉంటుంది. ఏ పట్టీ కొన్నా నార గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కకి జారిపోకుండా ఉన్నాయా అని డిపోలోనే చూసుకోండి. డిపోలో పనివాళ్లు విసుక్కున్నా పది పట్టీలు తిరగేసి చూడండి. కన్ను (కొమ్మ మొలిచిన చోటి ముడి) ఉన్న పట్టీ వద్దు, ముఖ్యంగా కొనలు వచ్చే చోట.

ఎర్రచందనం గురించి కూడా అడుగుతుంటారు. అనుమతి లేకుండా అది కొనడం, దగ్గర పెట్టుకోవడం నేరం. దాని జోలికి వెళ్లకండి.

పనిముట్లు ఏం కావాలి?

వడ్రంగి పెట్టెలో ఉండేవే. రంపం, చిత్రిక, ముతక పళ్ల ఆకురాయి, అర్ధచంద్రాకారపు ఆకురాయి, గాడి కోసం 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, ఉప్పు కాగితం. చివరి దశలో గీకడానికి స్టీలు స్క్రేపర్ ఉంటే చాలా మంచిది. అది లేకపోతే విరిగిన హ్యాక్సా బ్లేడుకి అంచు పట్టించి వాడినా పని జరుగుతుంది. ఇవన్నీ ఆటోనగర్ వైపు గానీ, వన్ టౌన్ హార్డ్‌వేర్ షాపుల్లో గానీ దొరుకుతాయి. కరెంటు గ్రైండర్ మాత్రం కొనల దగ్గరికి తేవద్దు. మీరు ఆపేలోపే రెండు మి.మీ. పోతుంది.

నారి గాడి ఎలా కోయాలి?

కొన చివర నుంచి 15 నుంచి 20 మి.మీ. లోపలికి రెండు పక్కలా గుర్తు పెట్టుకోండి. గాడి రెండు పక్కల్లోనే ఉండాలి. వీపు మీదుగా అడ్డంగా కోయకూడదు, అది నారని కోసినట్టే. వీపు దగ్గర కొన వైపు మొదలై, పొట్ట వైపు వచ్చేసరికి పిడి వైపు దిగేలా ఏటవాలుగా ఉండాలి, సుమారు 45 డిగ్రీలు. నారి ఎక్కించినప్పుడు ఉచ్చు సహజంగా ఆ వాలులోనే కూర్చుంటుంది.

గుండ్రటి ఆకురాయిని రెండు వేళ్లతో పట్టుకుని, మొదటి నాలుగైదు సార్లు ముందుకి మాత్రమే తోయండి. దారి పడ్డాక జారదు. 2 నుంచి 3 మి.మీ. లోతు చాలు. ఒక పక్క అయ్యాక రెండో పక్క మొదలుపెట్టే ముందు నారి ఉచ్చు వేసి చూడండి, రెండు గాడులూ ఒకే ఎత్తులో లేకపోతే ఉచ్చు వాలిపోయి కనిపిస్తుంది. గాడి అంచులు పదునుగా వదలకండి. సన్న ఉప్పు కాగితాన్ని సన్నగా చుట్టి గాడిలో తిప్పితే అంచు గుండ్రబడుతుంది. వేలిగోరు పెట్టి లాగితే ఎక్కడా తగులుకోకూడదు. గోరు తగులుకునే చోట రేపు నారి పోగు తెగుతుంది.

టిల్లరింగ్ సమయంలో కోసే గాడులు తాత్కాలికం. అవి తక్కువ లోతుతో, కొన వెడల్పు 20 మి.మీ. ఉండగానే కోయండి. చివర్లో పక్కలు తగ్గించేటప్పుడు అవి వాటంతట అవే పోతాయి, అసలు గాడి అప్పుడు కోస్తాం.

లాగితే కొనల దగ్గర ఎక్కువ వంగుతోంది, మధ్యలో వంగడం లేదు. ఏం చేయాలి?

ముందు ఉప్పు కాగితం కూడా కొనల దగ్గరికి తీసుకురాకండి. మధ్య లింబ్, పిడి దగ్గరి భాగంలో పొట్ట వైపు గీకి, అవి కొనల వంపుని అందుకునే దాకా తేవాలి. డ్రా వెయిట్ తగ్గుతుంది, అది తప్పదు. 45 అనుకున్న విల్లు 38కి వస్తే 38 పౌండ్ల మంచి విల్లు అవుతుంది.

ఇంకో మార్గం రెండు కొనల నుంచీ అంగుళం చొప్పున కోసి, కొత్త గాడులు పెట్టడం. బలహీనమైన భాగమే కొంత పోతుంది, పౌండ్లూ పెరుగుతాయి. కానీ పొట్టి విల్లుని అంతే దూరం లాగితే చెక్క మీద ఒత్తిడి పెరుగుతుంది. 28 అంగుళాల డ్రాకి 66 నుంచి 68 అంగుళాల విల్లు చేస్తారు. మీది 64కి వచ్చేస్తుందంటే ఈ మార్గం వద్దు.

కొనలు వంగితే ఇంకో ఇబ్బంది ఉంది. నారికీ కొనకీ మధ్య కోణం త్వరగా పెద్దదవుతుంది. అప్పుడు లాగుడులో చివరి రెండు మూడు అంగుళాల్లో విల్లు ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపిస్తుంది, గురి పెట్టే టైమ్‌లో చేయి వణుకుతుంది. చివరి ఆరు అంగుళాలు దాదాపు తిన్నగా ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది.

దానికి విరుద్ధంగా, నా విల్లు లింబ్‌లో కొనల వైపు మూడో వంతు అసలు వంగడమే లేదు.

చివరి ఆరు అంగుళాలు వంగకపోతే మంచిదే. మూడో వంతు వంగకపోతే మాత్రం పనంతా పిడి దగ్గరి చెక్క మీద పడుతుంది. అక్కడ పొట్ట మీద అడ్డంగా వెంట్రుకంత సన్నని గీతలు వస్తాయి. ఆ గీతలంటే చెక్క నార నలిగిపోయిందని అర్థం.

ఎక్కడ బిగుసుకుందో కంటికి దొరకనప్పుడు ఒక చిన్న సాధనం చేసుకోండి. ఐదారు అంగుళాల తిన్నని చెక్కముక్కకి నడిమధ్యన రంధ్రం చేసి, అందులో పెన్సిల్ ముక్క బిగించాలి. నారి ఎక్కించిన విల్లు పొట్ట మీద ఆ ముక్కని ఆనిస్తే, వంపు వల్ల మధ్యలో సందు వస్తుంది. సందు అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట పెన్సిల్ మొన అంటీ అంటనట్టు ఉండేలా పెట్టి, లింబ్ పొడవునా జరపండి. ఎక్కడ గీత పడితే అక్కడ చెక్క బిగువుగా ఉందన్నమాట. ఆ గీత పడిన చోటే నాలుగైదు సార్లు గీకి, ఇరవైసార్లు లాగి, మళ్లీ జరపండి. చివరి ఆరు అంగుళాల్లో పడే గీతల్ని పట్టించుకోకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. టిల్లరింగ్ స్టాండ్ ఎలా పెట్టుకోవాలి?

బాల్కనీ గోడకి ఒక పట్టీ, దానికి విల్లు పిడి కూర్చునే మెత్త వేసిన చెక్కముక్క, కింద ఒక కప్పీ, అందులోంచి తాడు. తాడు చివర పట్టుకుని మీరు ఆరేడు అడుగుల దూరంలో నిలబడాలి. పక్కన నిలబడటం మంచిది, లింబ్ విరిగితే ముక్కలు వంగే దిశలోనే ఎగురుతాయి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. నారికీ తాడుకీ మధ్య వేలాడే కాటా పెడితే పౌండ్లు తెలుస్తాయి. 45 పౌండ్లంటే 20.4 కిలోలు, లగేజీ తూచే చిన్న కాటా సరిపోతుంది. వెనక గోడ మీద అడ్డగీతలు గీసి, ఫోన్ ఒకేచోట పెట్టి ఫొటోలు తీసుకోండి. చేతిలో ఉన్నప్పుడు కనపడని వంకర ఫొటోలో కనపడుతుంది.

మీరు అనుకున్న పౌండ్లకి మించి ఏ దశలోనూ లాగకండి. 45 పౌండ్ల విల్లు కావాలంటే, 15 అంగుళాల దగ్గరే 45 వస్తే అక్కడే ఆపి చెక్క తీయాలి. లాగి పట్టుకుని కబుర్లు చెప్పకండి, చెక్క అలాగే వంగి ఉండిపోవడం నేర్చుకుంటుంది.

నారి ఎక్కించకముందు వదులుగా తగిలించి లాగే పొడవు తాడుతో కనిపించే వంపు, నారి ఎక్కించాక కనిపించే వంపు ఒకటి కాదు. అందుకే రెండు లింబ్‌లూ సమానంగా వంగుతున్నాయనిపించగానే పిడికీ నారికీ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎత్తు మాత్రమే ఉండేలా నారి ఎక్కించి చూడటం మంచిది. పూర్తయ్యాక ఆ ఎత్తు ఐదున్నర, ఆరు అంగుళాలు ఉంటుంది.

కొనలకి కొమ్ము తొడుగు వేస్తే బాగుంటుందా?

అందానికీ బాగుంటుంది, అవసరానికీ. 1545లో మునిగి, 1982లో పైకి తీసిన ఇంగ్లండ్ ఓడ మేరీ రోజ్‌లో 137 పూర్తి విల్లులు దొరికాయి. వాటి కొనలకి కొమ్ము తొడుగులు ఉండేవని గుర్తులు చెబుతున్నాయి. మెత్తని చెక్కని నారి కోసుకుపోకుండా అవి కాపాడేవి.

మనకి గేదె కొమ్ము చాలు. వీపు వైపు కొన మీద చిన్న ముక్క అతికించి, గాడి వీలైనంత ఆ ముక్కలోనే వచ్చేలా కోస్తే అసలు చెక్క నార తెగదు. రెండు ముఖాలూ గరుకు చేసి, నూనె జిడ్డు తుడిచి, అరాల్డైట్ లాంటి మెల్లగా గట్టిపడే ఎపాక్సీతో అతికించి ఒక రోజు వదలండి. కొమ్ము రాకేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. కొమ్ము దొరకకపోతే చింత చెక్క ముక్క, వెదురు పైతోలు ముక్క కూడా బాగానే పనిచేస్తాయి. జింక కొమ్ము ఎవరైనా అమ్ముతామంటే కొనకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం.

ముక్క చిన్నదిగా ఉండాలి. ఇన్ని గ్రాములు తగ్గించి, అలంకారం పేరుతో తిరిగి ఎక్కించుకుంటే ఏం లాభం?

ఏ నారి వాడాలి?

డాక్రాన్ అనే పాలిస్టర్ దారం. అది కాస్త సాగుతుంది కాబట్టి కొనల మీద దెబ్బ తక్కువ. ఫాస్ట్ ఫ్లైట్ లాంటి సాగని దారాలు తొడుగు లేని కర్ర కొనల్లోకి దిగబడతాయి.

మే నెలలో చేసిన విల్లు వానాకాలంలో మెత్తబడింది. ఎందుకు?

చెక్క గాలిలో తేమని పీలుస్తుంది. వానలు మొదలై కృష్ణ మీదుగా వచ్చే తడిగాలి తగిలితే బెజవాడలో ఏ చెక్కకైనా తేమ పెరుగుతుంది. తేమ ఎక్కువైన చెక్క పౌండ్లు కోల్పోతుంది, నారి తీశాక కూడా వంగే ఉంటుంది. మే ఎండల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది, బాగా ఎండిన చెక్క పెళుసై వీపు వైపు విరుగుతుంది. 8 నుంచి 10 శాతం తేమ విల్లుకి బాగుంటుంది.

కొలిచే మీటర్ లేకపోతే వంటింటి కాటా మీద చెక్కని వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగితే అది చుట్టూ ఉన్న గాలితో సర్దుకుందని అర్థం. టిల్లరింగ్‌కి నాకు డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండే వాతావరణం ఇష్టం. పూర్తయిన విల్లుకి నూనె గానీ వార్నిష్ గానీ పట్టించేటప్పుడు గాడి లోపల, కొన చివర కోసిన ముఖం మీద మర్చిపోకుండా రాయండి. తేమ ఎక్కువగా చొరబడేది కోసిన చివరల నుంచే. నారి తీసి, అడ్డంగా పడుకోబెట్టి ఉంచండి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలొద్దు.

కొన దగ్గర వీపు మీద చిన్న పేడు లేచింది. పారేయాలా?

గాడికీ చివరకీ మధ్య అయితే భయం లేదు. పలచని సూపర్ గ్లూ పట్టించి, దారం దట్టంగా చుట్టి మళ్లీ జిగురు రాయండి. వంగే భాగంలో లేస్తే అదే పని చేసి, డ్రా కూడా రెండు అంగుళాలు తగ్గించుకోండి. పేడు పక్క నుంచి లోపలికి నడుస్తున్నట్టు కనిపిస్తే ఆ విల్లుని ఇక లాగకండి. ముఖం పక్కన విరిగేది అదే కదా.

ఇలాంటి విల్లుతో పోటీల్లో ఆడొచ్చా?

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ (కొనల్లో కప్పీలుండే విల్లు) విభాగం, 50 మీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్ (కొనలు గురి వైపు తిరిగి వంగి ఉండే విల్లు), 70 మీటర్లు. ఆ రెండింటి పరికరాలూ వేరు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది, 30, 50 మీటర్ల దూరాల్లో వెదురు విల్లులతో ఆడతారు. పిల్లలు చాలామంది అక్కడే మొదలుపెడతారు. మీ విల్లు అందులో చెల్లుతుందో లేదో పోటీ నిర్వాహకుల్నే అడగాలి.

పిల్లల వెదురు విల్లుకి కూడా కొనలు సన్నం చేయొచ్చు, ఇంకా అవసరం కూడా. తక్కువ పౌండ్ల విల్లులో నిండే శక్తే తక్కువ, అందులో కొనలు తినేసేది ఎంత తగ్గితే బాణానికి అంత మిగులుతుంది.

కొనలు పూర్తయ్యాయని ఎలా తెలుస్తుంది?

అనుకున్న దానికంటే ఐదు పౌండ్లు ఎక్కువ ఉండగానే స్క్రేపర్ పక్కన పెట్టండి. ఉప్పు కాగితం, కొనల పక్కలు తీయడం ఆ ఐదుని తింటాయి. తర్వాత బాణాలు వేసి చూడాలి. బాణం లేకుండా నారి వదలడం మాత్రం ఒక్కసారి కూడా చేయకండి, ఆ శక్తంతా కొనలే మోయాలి. మేడ మీద వేయొద్దు. వెనక ఎత్తైన మట్టికట్ట ఉండి, మనుషులు, పశువులు తిరగని చోటు చూసుకోండి.

యాభై బాణాలు వేశాక నారి తీసి, గాడి అంచులు, పొట్ట, నారి వరస మళ్లీ చూడండి. ఏమీ మారకపోతే ఒక్కో కొన పక్కల నుంచి అర మి.మీ. తీసి మళ్లీ వేయండి. కుదుపు ఇంకా తగ్గితే ఇంకొంచెం తీయవచ్చు. తగ్గకపోతే అక్కడ ఆపి వార్నిష్ తీసుకోండి.